తండ్రితో గడపిన వేసవి : రవీంద్రనాథ ఠాకూరుగారి బాల్యకథ

వార్షిక పరీక్షలు ముగియగానే మనలో ననేకులు పెట్టెలు సర్దుకొని యిండ్లకు బోవుదురు. వేసవి సెలవులనగానే మన కన్నుల యెదుట గోచరించు దృశ్యములు ఇంచుమించుగా నొక్కటియే. అమ్మమ్మగారి యూరు, మామిడితోపు, లేత తాటిముంజలు, వడగాలికి మూసిన తలుపులు, సాయంకాలము నీళ్లు చల్లిన వాకిట వరుసగా వాల్చిన మంచములు, వెన్నెలలో తాతగారు చెప్పు కథలు. ఈ సుఖములు మనకు అడుగకయే లభించును. అడుగకయే లభించుదానికి కృతజ్ఞత చూపవలెనను తలంపు సాధారణముగా మనకు గలుగదు. వాకిట నీళ్లు చల్లిన వారెవ్వరో, మంచములు వాల్చిన వారెవ్వరో, మనము నిద్రించిన పిదప విసనకఱ్ఱతో విసరుచు మేల్కొనియుండిన వారెవ్వరో మనము గమనింపము.

ఒక మహాకవి యట్లు మరువలేదు. లోకమంతయు నెఱిగిన రవీంద్రనాథ ఠాకూరుగారు తమ యేబదియవ యేట బాల్యస్మృతులను వ్రాయబూనినప్పుడు తమ కీర్తిని గూర్చి చెప్పుకొనుటకంటె తమ్ము బెంచినవారిని, చదువు చెప్పినవారిని, ఒక వేసవిలో తమ చేయి బట్టుకొని హిమాలయములకు గొనిపోయిన తండ్రిని తలచుకొనుటయే యెక్కువగా జేసిరి. వారి గ్రంథములను, బిరుదములను వర్ణించు వ్యాసములు పెక్కులు గలవు. మేము మాత్రము ఆ వేసవిని, దాని ముందు వెనుకలను మా సోదర విద్యార్థులకు జెప్ప నుద్దేశించితిమి.

రవీంద్రుడు 1861వ సంవత్సరము మే నెల 7వ తేదీన కలకత్తా నగరమందలి జోడాసాంకో భవనమున జన్మించెను. తాతగారగు ద్వారకానాథులు గొప్ప వర్తకులు. ఆయన 1846లో లండను నగరమున మరణించునప్పటికి పెద్ద ఋణభారము మిగిలెను. కుమారులగు దేవేంద్రనాథులవారు చట్టముయొక్క చాటున దాగక ఆ ఋణమును దామే పైన వేసికొని క్రమముగా దీర్చిరి. జనులాయనను మహర్షియని పిలిచిరి. ఆయనకును శారదాదేవిగారికిని గలిగిన సంతానములో రవీంద్రుడు పదునాల్గవవాడు. బ్రదికి పెరిగినవారిలో నతడే కడగొట్టువాడు.

ఇల్లు పెద్దది, పేరు పెద్దది. కాని బాలుని బ్రదుకు మిక్కిలి సామాన్యము. పదియేండ్లు దాటువఱకు నాతనికి కాలి జోళ్లతో మేజోళ్లు తొడుగుట తెలియదు. నియామతను దర్జీ కుట్టిన అంగీలకు జేబులు లేకుండుటయే యాతని పెద్ద దుఃఖము. తల్లిగారు పెక్కుమంది బిడ్డలు గలవారు, దేహారోగ్యము చాలనివారు. ఆమె యంతఃపురమున నుండగా పిల్లలు బయటి భాగమున నౌకరుల పాలనలో బెరుగుచుండిరి. శ్యామను నౌకరు బాలుని కిటికీయొద్ద గూర్చుండబెట్టి, చుట్టును సుద్దతో గీత గీసి, దానిని దాటినచో ఆపద సంభవించునని బెదరించి తన పనికి బోవుచుండెను. లక్ష్మణుడు గీసిన గీతను దాటి సీత యేమి కష్టములు పడెనో బాలుడు రామాయణమున వినియుండెను. కావున గీత లోపలనే కదలక కూర్చుండి, కిటికీ సందులనుండి క్రిందనున్న కొలనును, దాని గట్టుననున్న మఱ్ఱిచెట్టును, స్నానమునకు వచ్చువారి తీరుతెన్నులను గంటలకొలది చూచుచుండెను.

వేసవి మధ్యాహ్నములందు మాత్రము ఆతని కొక రహస్యసుఖము గలదు. మహర్షిగారు సంవత్సరములో చాలభాగము పర్వతయాత్రలలో నుండెడివారు. మూడవ యంతస్తునందలి వారి గదులు అప్పుడు మూయబడియుండెడివి. బాలుడు తలుపు రెక్కల సందున చేయి దూర్చి గడియ దీసి లోపలికి బోయెడివాడు. కలకత్తా నగరమునకు కుళాయినీరు అప్పుడప్పుడే వచ్చినది. ఆ నీరు తండ్రిగారి స్నానపు గది దనుక నెక్కుచుండెను. ఎండ మండుచుండగా వీధిలో నెవ్వరో అమ్మకపువాడు కేక వేయుచు బోవుచుండగా, ఆ ధార క్రింద నిలిచి తనివిదీర తడియుట యాతనికి పండుగ. తండ్రిని చూచుట యరుదు. తండ్రి లేని గది మాత్రము పరిచితము. ఆ రోజులలో ఆ బాలునికి తండ్రియనగా మూసిన తలుపులు, ఖాళీ కుర్చీ, ఆయన వచ్చినప్పుడు ఇంటిల్లిపాది మెల్లగా మాటలాడుట, ఇంతియే.

ఒకప్పుడు హిమాలయ ప్రాంతమునకు రష్యావారు దండెత్తి వచ్చుచున్నారను వదంతి పుట్టెను. తల్లిగారు భయపడి, పెద్దలెవ్వరును దమ మాటను లెక్క సేయకుండుటచే, కడపటి కుమారునిచేత తండ్రిగారికి జాబు వ్రాయించిరి. జాబు నెట్లు మొదలుపెట్టవలెనో యెట్లు ముగింపవలెనో యెఱుగని బాలుడు కచ్చేరిలోని గుమాస్తా నాశ్రయించెను. మహర్షిగారు భయపడవలదనియు, రష్యావారు వచ్చినచో దామే తఱిమివేయుదుమనియు పరిహాసముగా ప్రత్యుత్తరము వ్రాసిరి. తల్లి భయ మెంత తగ్గెనో చెప్పజాలము గాని కుమారునికి మాత్రము ధైర్యము హెచ్చెను. అది మొద లాతడు ప్రతిదినమును తండ్రికి జాబులు వ్రాయసాగెను. గుమాస్తా వానిని దీసికొని తల యూచుచుండెను. అవి హిమాలయమునకు ఎన్నడును జేరలేదు.

ఉపనయనమునకు ముందే కలకత్తాలో డెంగూ జ్వరములు వ్యాపింపగా ఠాకూరువారి కుటుంబములో కొందఱు పెనేటియను గ్రామమున గంగయొడ్డున నున్న తోటబంగళాకు బోయిరి. బాలునికి నగరము వెలుపలి లోకము దెలియుట యదియే ప్రథమము. జామచెట్ల నీడలు, నదిలో నెక్కుచు దిగుచుండు పోటుపాటులు, ఆవలి యొడ్డున గ్రుంకు సూర్యుడు, వీనిని చూచి యాతడు మైమఱచెను. కాని యచ్చటను హద్దులు తప్పలేదు. ఒకనాడు పెద్దలు గ్రామములోనికి షికారు పోవుచుండగా వెంట నడిచిన బాలుని వారు సరియైన దుస్తులు లేవని వెనుకకు బంపివేసిరి. కన్నులకు గనబడుచున్న పల్లె కాలికి దొరకదయ్యెను.

1873వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో రవీంద్రునికి అన్నయగు సోమేంద్రునితోడను మేనల్లుడగు సత్యప్రసాదునితోడను ఉపనయన మయ్యెను. తల గొఱుగబడినది. నున్నని తలతో బడికి బోయినచో తోడి పిల్లలు పరిహసింతురని యాతడు దిగులుపడుచుండగా మహర్షిగారు పిలిపించి, తమతో హిమాలయములకు వచ్చెదవా యని యడిగిరి. బాలుని సంతోషమునకు మేర లేకపోయెను. అప్పటికి వానికి పదునొకండేండ్లు దాటి పండ్రెండవ యేడు జరుగుచుండెను.

ప్రయాణమునకై తండ్రిగారు ఆతనికి నిండైన దుస్తులు కుట్టించిరి. అట్టివి తనకై కుట్టబడుట యాతని జీవితమున మొదటిసారి. బంగారు జరీపని గల మకమలు టోపీయు నొకటి వచ్చెను. గొఱిగిన తలపై దానిని బెట్టుకొనుటకు సిగ్గుపడి బాలుడు చేతబట్టుకొనెను. తండ్రి పెట్టుకొమ్మని చెప్పిరి. రైలులో సమయము దొరకినప్పుడెల్ల నాతడు దానిని దీసివేయుచుండెను, తండ్రి చూపు తగిలినంతనే మఱల పెట్టుకొనుచుండెను. రైలుబండి యెక్కుట ప్రాణాపాయమనియు, గట్టిగా బట్టుకొననిచో ఎగిరి పడుదువనియు సత్యప్రసాదుడు ముందుగా జెప్పియుండెను. ఎక్కిన పిమ్మట నేమియు జరుగకుండుట జూచి బాలునికి కొంత నిరాశయే కలిగెను.

మొదటి మజిలీ బోల్పూరు. అచ్చటి బయలున మహర్షిగారు 1863లో భూమిని సంపాదించియుండిరి. విశాలమైన మైదానములో రెండు సప్తపర్ణ వృక్షములు, మనవారు ఏడాకులపాల యని పిలుచునవి, నిలిచియుండెను. వాని క్రింద నాయన ధ్యానము చేసికొనెడివారు. ఆ స్థలమునకు శాంతినికేతనమని పేరిడిరి. ఎఱ్ఱమట్టి నేలను వాననీరు కోసివేయగా నేర్పడిన పల్లములలో బాలు డొంటరిగా దిరుగ మొదలిడెను. గీత గీసి కూర్చుండబెట్టువా రెవ్వరును లేరు. అంగవస్త్రపు కొంగున రంగురంగుల గులకరాళ్లు నింపుకొని వచ్చి తండ్రి ముందు కుమ్మరించెను. పనికిమాలిన రాళ్లని మహర్షిగారు అనలేదు. వానిని మెచ్చుకొని, తాము ఉదయమున గూర్చుండు మట్టిదిబ్బ నా రాళ్లతో నలంకరింపుమనిరి. మఱియొకనాడు ఒక పల్లమున ఊటనీరు చేరియుండుట జూచి, ఆ నీరు త్రాగుటకు దెప్పించుకొనవచ్చునని బాలుడు గొప్ప కనుగోలు చేసినవానివలె జెప్పెను. తండ్రి యంగీకరించి అచ్చటినుండియే నీరు దెప్పించిరి.

అంతటితో నాగలేదు. కొలదిపాటి చిల్లర బాలుని చేతి కిచ్చి, బిచ్చగాండ్ర కిచ్చినది పోను మిగిలినది లెక్క చెప్పుమనిరి. లెక్క యెన్నడును సరిపోలేదు. ఒకప్పుడు ఉండవలసినదానికంటె ఎక్కువయే తేలెను. తన చేతిలో సొమ్ము పెరుగుచున్నది గావున నిన్ను ఖజానాదారునిగా నియమింపవలసినదే యని తండ్రి నవ్విరి. తమ విలువగల బంగారు గడియారమునకు ప్రతిదినమును చావి యిచ్చు పనియు వానికే యప్పగించిరి. బాలుడు మిక్కిలి యుత్సాహముతో చావి ద్రిప్పగా గడియారము చెడి మరమ్మతునకై కలకత్తాకు బంపవలసి వచ్చెను. మహర్షిగారు కోపింపలేదు.

చదువరులారా! ఈ సంగతులు చిన్నవియని మీకు దోపవచ్చును. కాని యొక్క క్షణము విచారింపుడు. అంతవఱకు నా బాలునికి దొరకినవి కాపలా, బెదరింపు, వద్దను మాట. ఇప్పుడు దొరకినది నమ్మకము. సొమ్ము పోవుననియు, గడియారము చెడుననియు మహర్షిగారికి దెలియకపోలేదు. సొమ్ముకంటెను గడియారముకంటెను విలువైనదానిని సంపాదించుటకే వారా నష్టమున కోర్చిరని మా తలంపు.

బోల్పూరునుండి సాహెబ్‌గంజ్, దానాపూరు, అలహాబాదు, కాన్పూరుల మీదుగా వారు అమృతసరమునకు బయలుదేరిరి. త్రోవలో నొక స్టేషనున టిక్కెట్లు చూచు నుద్యోగి బాలుని కెగాదిగా జూచి పోయి మఱియొకని దెచ్చెను. కడకు స్టేషను మాస్టరే వచ్చి, ఈ పిల్లవానికి పండ్రెండేండ్లు దాటలేదా యని ప్రశ్నించెను. దాటలేదని మహర్షిగారు చెప్పిరి. అయినను పూర్తి వెల చెల్లింపవలసినదేయని యాతడు పట్టుపట్టెను. మహర్షిగారు మాటలాడక పెట్టె తెఱచి నోటు తీసి యిచ్చిరి. మిగిలిన చిల్లర తిరిగి రాగా దానిని ప్లాటుఫారము రాళ్లపై ఖణేలుమనునట్లు విసరివైచిరి. కొలది సొమ్మునకై తండ్రి యబద్ధమాడునని యనుమానించుటలోని తప్పు స్టేషను మాస్టరుకు దెలిసివచ్చి సిగ్గుతో వెడలిపోయెను. ఆ ధ్వని బాలుని చెవులలో జీవితమంతయు నిలిచెను. సత్యమును గూర్చి గంటసేపు ఉపన్యసించినను గలుగని ఫలము ఆ నిమేషమున గలిగెననుట నిస్సంశయము.

అమృతసరమున నొక నెల గడచెను. ఉదయమున తండ్రికొడుకులు నడచి స్వర్ణమందిరమునకు బోయెడివారు. సరస్సు నడుమ సిక్కులు గానము చేయుచుండగా మహర్షిగారు వారి నడుమ గూర్చుండి తామును గొంతు గలిపెడివారు. సాయంకాలమున తోట నభిముఖముగానున్న వసారాలో తండ్రి చేతులు జోడించి తలవంచి కూర్చుండగా, వెన్నెల చెట్ల సందులనుండి వసారాపై బడుచుండగా, బాలుడు బేహాగ్ రాగమున భక్తిగీతములు పాడెడివాడు. ఆతడు చిన్ననాట వ్రాసిన పాటను గూర్చి విని మహర్షిగా రొకప్పుడు నవ్వియుండిరి. పెక్కేండ్లకు పిమ్మట పెరిగి పెద్దవాడైన కుమారుడు తాను రచించిన గీతములను వారియెదుట పాడగా విని, దేశమేలు రాజునకు ఈ భాష తెలిసియుండినచో కవిని సన్మానించియుండును, అది లేదు గావున ఆ పని తామే చేయవలెనని చెప్పి అయిదువందల రూపాయల చెక్కు చేతికిచ్చిరి.

చైత్రమాసము ముగియుచుండగా వారు డల్హౌసీ కొండలకు బయలుదేరిరి. మెట్లు మెట్లుగా నున్న పొలములలో పంటలు పచ్చగా నుండెను. చూడదగినది యెక్కడ తప్పిపోవునోయని బాలుని కన్నులకు పగలంతయు విశ్రాంతి లేదు. త్రోవ ఖర్చులకు దెచ్చిన సొమ్ము పెట్టెను మహర్షిగారు పరిచారకుడగు కిశోరీ చటర్జీకి గాక ఈ బాలునికే యప్పగించిరి. ఒకనాడు బసకు జేరినంతనే ఆ పెట్టెను తండ్రి చేతికీయక బల్లపై విడిచిపెట్టినందుకు వానికి చీవాట్లు తగిలెను. గడియారము చెడినందుకు కోపింపనివారు, పెట్టెను మఱచినందుకు మందలించిరి. శక్తికి మించిన తప్పునకును, అజాగ్రత్తవలని తప్పునకును గల భేదమును తెలిసిన తండ్రి యాయన.

వారి బస బక్రోటాయను ఎత్తైన శిఖరమున. మే నెల సమీపించినను అచ్చట చలి గడగడలాడించుచుండెను. ఎండ తగులని వైపున మంచు ఇంకను కరగలేదు. ఇంటి దిగువ దేవదారు వనము. కొనకు ఇనుపపొన్ను గల కఱ్ఱ చేతబట్టుకొని బాలు డా వనములో నొంటరిగా దిరుగుచుండెను. పడిపోవుదువని గాని, దారి తప్పుదువని గాని తండ్రి యెన్నడును వారింపలేదు. రాత్రివేళ కిటికీలోనుండి నక్షత్రకాంతిలో మంచుకొండలు మెఱయుచుండెను. నడిరాత్రి మెలకువ వచ్చినప్పుడు, ఎఱ్ఱని శాలువ కప్పుకొని దీపము చేతబట్టుకొని తండ్రి సద్దు లేకుండ ధ్యానమునకు బోవుట కనబడుచుండెను. మఱల నిద్ర పట్టును. చీకటి విడకమునుపే తండ్రి వచ్చి లేపి, సంస్కృత వ్యాకరణములోని శబ్దరూపములను వల్లింపజేయుదురు. ఆ చలిలో దుప్పటి విడిచి శబ్దములు వల్లించుట యెంత కష్టమో మా విద్యార్థులకు వేఱుగా జెప్పనక్కఱలేదు.

సూర్యోదయమున పాలు త్రాగి, ఉపనిషన్మంత్రములు పఠించి, వాహ్యాళికి బోవుదురు. తిరిగి వచ్చి ఇంగ్లీషు చదువుదురు. పది గంటలకు మంచువలెనున్న నీటితో స్నానము. ఆ నీటిలో వేడినీరు కలుపుటకు నౌకరులకు ధైర్యము చాలదు. తాము చిన్ననాట నింతకంటె చల్లని నీటితో స్నానము చేసితిమని చెప్పి తండ్రి యుత్సాహపఱచుదురు. మధ్యాహ్నము మఱల పాఠము. తెల్లవాఱకమునుపే లేచిన బాలుడు పుస్తకము ముందు తూగుచుండును. తండ్రి దయతలచి విడిచిపెట్టుదురు. విడిచిపెట్టిన మఱుక్షణమే నిద్ర యెగిరిపోవును, బాలుడు కొండలమీద నుండును! సాయంకాలము ఆకాశమున నక్షత్రములను జూపి వాని పేరులు, దూరములు చెప్పుదురు. తండ్రి చెప్పిన ఖగోళ విషయములను బాలుడు వంగభాషలో వ్రాసికొనెను.

ఇట్లు కొన్ని నెలలు గడచిన పిమ్మట మహర్షిగారు కుమారుని కిశోరీ వెంట నింటికి బంపిరి. పోయినవాడు నౌకరుల గదిలోని పిల్లవాడు. వచ్చినవాడు ఇంటిలో నొక మనుష్యుడు. అంతఃపురపు తలుపులు వానికి దెఱవబడెను. సాయంకాలము మేడమీద తల్లిగారు చాపపై గూర్చుండగా చుట్టును చేరిన స్త్రీల మధ్య ఆతడు తన యాత్రను, సూర్యుడు భూమికంటె నెన్ని లక్షల రెట్లు పెద్దవాడో దానిని వర్ణించి చెప్పుచుండెను. వాల్మీకి రామాయణ శ్లోకములను సంస్కృతముననే చదువుట విని తల్లి పొంగిపోయిరి. ఈ వింతను పెద్దకుమారుడు ద్విజేంద్రుడును వినవలెనని పిలిపించిరి. అర్థము సరిగా రానిచోట్ల బాలుడు సొంతముగా గల్పించి చెప్పియుండెను గావున గుండె దడదడలాడెను. పండితుడగు నన్న కొన్ని శ్లోకములు మాత్రము విని, బాగున్నదని చెప్పి వెడలిపోయెను. బాలుడు రక్షింపబడెను, తల్లి సంతోషమునకు భంగము రాలేదు.

ఆ తల్లి వానికి ఎంతో కాలము దక్కలేదు. 1875వ సంవత్సరమున ఆమె పరలోకగతులైరి. రవీంద్రునికి అప్పటికి పదునాలుగేండ్లు నిండలేదు. రాత్రి నిద్రలోనుండగా దాసి యేడ్చుచు వచ్చి చెప్పబోగా, నడిరేయి పిల్లల గుండె పగులునని వదినగారు దానిని వెంటనే యావలకు గొనిపోయిరి. తెల్లవాఱి యంగణములో తల్లి ముఖమును జూచినప్పుడు ఆమె నిద్రించుచున్నట్లే యుండెను. శ్మశానమునుండి తిరిగి వచ్చి వీధి మొగను నిలిచి మూడవ యంతస్తు వంక జూడగా తండ్రి యింకను కదలక ప్రార్థనలో గూర్చుండియుండిరి. అప్పుడే యాతనికి పోయినదేదో బోధపడెను. పెద్దవాడైన పిదప వసంతకాలపు ఉదయములందు ఉత్తరీయపు కొంగున మల్లెమొగ్గలు ముడిచికొని తిరుగుచు, వాని మెత్తదనము నుదుట సోకినప్పుడెల్ల తల్లి వ్రేళ్ల స్పర్శ జ్ఞప్తికి వచ్చుచుండెనని యాతడు వ్రాసికొనెను. ఉన్నన్నాళ్లు ఆ స్పర్శను గూర్చి తలంపలేదను పశ్చాత్తాపము ఆ వాక్యముల వెనుక నున్నదని మాకు దోచుచున్నది.

తల్లి లేని పిల్లల భారమును చిన్నవదినగారగు కాదంబరీదేవి వహించిరి. వారి కన్నము పెట్టి, ఓదార్చి, ఒంటరితనము తెలియకుండ జూచినది ఆమెయే. ఆమె భర్తయగు జ్యోతిరింద్రనాథుడు తమ్ముని సమానునివలె జూచి, తాను పియానోపై గల్పించిన స్వరములకు మాటలు కూర్పుమనెడివాడు. వేసవి సాయంకాలములందు ఇంటి మేడమీద నీళ్లు చల్లి చాపలు పఱచుదురు. తడిగుడ్డపై మల్లెదండలు, గ్లాసుతో మంచునీరు, తాంబూలము సిద్ధముగా నుండును. అన్న ఫిడేలు వాయించుచుండగా తమ్ముడు పాడుచుండును. దక్షిణపు గాలి వీచుచుండగా ఆకాశము నిండ నక్షత్రములు వెలుగుచుండును. ఆ మేడమీది పాటలే తరువాత దేశమంతయు విన్న పాటలకు మొదలు. ఆ వదినగారు 1884లో నకాలమరణము నొందిరి. ఆ దుఃఖము కవి హృదయమున కడవఱకు మానలేదు.

బడులు మాత్ర మాతనికి పడలేదు. నాలుగు బడులు మార్చినను ఫలము లేకపోయెను. సెయింటు జేవియర్సు విద్యాలయమున నుండగా ఒకనాడు కలము కదపక దిక్కులు చూచుచున్న వానియొద్దకు ఫాదరు డి పెనరాండాయను స్పెయిను దేశపు గురువు వచ్చి, వంగి, భుజముపై చేయి వైచి, ఒంట్లో బాగుగ లేదా యని మెల్లగా నడిగిరి. అంతియే. ఆ చేతి బరువును రవీంద్రుడు ముప్పదియైదేండ్లు దాటిన పిమ్మటను మఱువలేదు. దండించిన గురువుల పేరులు చెప్పక, ఈ యొక్కరి పేరును గ్రంథమున భద్రపఱచెను.

1901వ సంవత్సరము డిసెంబరు 22వ తేదీన, తాను గులకరాళ్లు ఏఱిన యా బోల్పూరు బయలుననే, రవీంద్రులవారు అయిదుగురు బాలురతో నొక పాఠశాలను స్థాపించిరి. వారిలో నొకడు ఆయన పెద్దకుమారుడు. గోడల నడుమ గాక చెట్ల నీడను పాఠములు జరిగెడివి. పిల్లలు చెట్లెక్కుటకును, వానలో తడియుటకును స్వేచ్ఛ గలదు. ఖర్చులకు సొమ్ము చాలనప్పుడు భార్యయగు మృణాళినీదేవి తన నగలు దీసి యిచ్చెను. ఆ యిల్లాలు 1902లోనే కన్ను మూసెను. మఱుసటి సంవత్సరము రెండవ కుమార్తె రేణుకయు, 1905లో మహర్షిగారును, 1907లో చిన్నకుమారుడు శమీంద్రుడును లోకము విడిచిరి. ఇన్ని దెబ్బలు తగిలినను పాఠశాల నిలిచెను. 1921లో నది విశ్వభారతిగా వెలసెను. 2023లో శాంతినికేతనము యునెస్కోవారి ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో జేరెను.

ఈ దుఃఖపరంపర ముగిసిన తరువాతనే కవి తన బాల్యస్మృతులను వ్రాసెను. జీవనస్మృతియను ఆ గ్రంథము 1912లో వెలువడెను. 1913లో నోబెలు బహుమానము వచ్చెను. మన తెలుగుదేశమునకును ఆయన వచ్చిరి. 1919 ఫిబ్రవరిలో మదనపల్లె కళాశాలలో బస చేసి, జనగణమన గీతమును తామే ఇంగ్లీషులోనికి మార్చిరి. 1933 డిసెంబరులో విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వవిద్యాలయమున నుపన్యసించిరి. 1940లో, ఎనుబదేండ్లు సమీపించినప్పుడు, పిల్లలకొఱకు తన చిన్ననాటి కథను మఱియొకమాఱు వ్రాసిరి. తాను పుట్టిన జోడాసాంకో భవనముననే 1941 ఆగస్టు 7వ తేదీన దేహము చాలించిరి.

లోకముయొక్క గౌరవము లన్నియు బొందిన వృద్ధుడు కడపటి యేండ్లలో మఱల తలచుకొన్నది మేడమీది తడిచాపలను, మల్లెదండలను, కిటికీయొద్దనున్న మఱ్ఱిచెట్టును. మమ్ము మిక్కిలి యాలోచింపజేసిన సంగతి యిదియే. తండ్రితో గడపిన యా వేసవి కొన్ని నెలలే. ఆ తండ్రి అంతకు ముందు పదునొకండేండ్లు వానికి దూరముగానే యుండిరి. ఆ దూరమును గూర్చి ఫిర్యాదు చేయుట కాతనికి హక్కు కలదు. కాని యాతడు లేనివానిని లెక్కించుట మాని, లభించినదానిని కాపాడుకొనెను. ఆ కొన్ని నెలలలో తనకు లభించిన నమ్మకమునే ఒక పాఠశాలగా గట్టి వేలకొలది పిల్లలకు బంచెను. కృతజ్ఞతయనగా మాట కాదు, పుచ్చుకొన్నదానిని మఱియొకరికి జేర్చుటయని ఆ జీవితము మాకు దెలిపినది.

మనలో నందఱకును హిమాలయయాత్ర లభింపదు. బంగారు గడియారమునకు చావి యిచ్చు భాగ్యమును లభింపదు. కాని పొలమునకు దీసికొనిపోయి గట్టున నడిపించు తండ్రియో, సంతకు బంపి మిగిలిన చిల్లర లెక్క యడుగు తాతయో, వేసవి మధ్యాహ్నము కుండనీరు ముంచియిచ్చు అమ్మమ్మయో, తల్లి లేనిచోట తల్లియైన వదినయో మనకును గలరు. మేము గడచిన యెన్నియో సెలవులలో వారి ముఖములను సరిగా జూడకయే తిరిగి వచ్చితిమి. ఈ సంవత్సరము ఇంటికి బోయినప్పుడు, వాకిట మంచము వాల్చుచున్న చేతులను గుర్తించి, ఆ మంచమును రెండవ ప్రక్కన బట్టుకొన నిశ్చయించితిమి. మా సోదరులును అట్లే చేయుదురని నమ్ముచు ఈ చిన్న జీవితకథను ముగించుచున్నాము.